మిషను కింద బూట్లు

శిక్షణ కేంద్రంలో మొదటి రోజు మా అన్న నన్ను "సార్" అని పిలిచాడు. నేను పలికాను.

అలా పిలవమని చెప్పింది నేనే. అంతకు ముందు ఆదివారం పెనుకొండ నుంచి రైల్లో ధర్మవరం వెళ్లి, అన్న ఇంట్లో కూర్చుని ఈ సంగతి మాట్లాడాను. బడికి వేసవి సెలవులు ఇచ్చి రెండు రోజులైంది. ఆ ఇంట్లో నడిమింట్లో ఉండాల్సిన మగ్గం లేదు. సావుకారు వార్పులు, అంటే నేతకు పడుగు పట్టు, ఇవ్వడం మానేసి తొమ్మిది నెలలు గడిచాయి. మరమగ్గాల మీద అదే చీర మూడో వంతు కూలికి దిగుతుంటే ఆయన మాత్రం ఎన్నాళ్లిస్తాడు? సంక్రాంతి దాటాక మగ్గం విప్పి కట్టెలు ఎవరికో ఇచ్చేశారు. కాళ్లు పెట్టుకునే గుంత మీద కడప బండ పరిచి, దాని మీద వదిన బియ్యం డబ్బా పెట్టుకుంది. అన్న ఒక చీరల దుకాణంలో పెట్టెలు మోస్తున్నాడు. అదీ పెళ్లిళ్లున్న రోజుల్లోనే.

"నలభై అయిదు రోజులే అన్నా. గవర్నమెంటు శిక్షణ. మగ్గాలు పోయినవాళ్లకు, ఫ్యాక్టరీల కింద బతుకుతెరువు పోయినవాళ్లకు. మధ్యాహ్నం భోజనం పెడతారు, రైలు పాసు ఇస్తారు. కుట్టుమిషను నేర్పి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. పాసైనవాళ్లను హిందూపురంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీ తీసుకుంటుంది."

"యాభై ఏండ్లకు నా చేత పలక పట్టిస్తావా ఏమి?" అన్నాడు అన్న.

"యాభై నిండకూడదు. ఫ్యాక్టరీవాళ్లు యాభై లోపు వాళ్లనే చేర్చుకుంటారు. నీకు జూలైలో నిండుతాయి. ఈ బ్యాచ్ తప్పితే ఇంక లేదు."

వదిన గౌరి బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటోంది. "పోయిరానీలే హరీ. ఈడ గోడలు సూసుకుంటా కూసునేదాని కన్నా మేలు గదా. నెల నెలా జీతమొచ్చే కొలువు మా ఇంట్లో ఎవురు సేసినారు? నువ్వు తప్ప."

అన్న కూతురు తనూజ ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లోనే ఉంది. వాళ్ల నాయన ఆధార్ కార్డు, రెండు ఫోటోలు అప్పుడే వెతికి తెచ్చి నా చేతికిచ్చింది. ఈ ఉద్యోగం వస్తే తనను అనంతపురంలో డిగ్రీలో చేరుస్తానని వాళ్ల నాయన మాటిచ్చాడట. లేకపోతే సంబంధాలు చూస్తారు. ఆ సంగతి ఆ పిల్ల చెప్పలేదు. వదిన చెప్పింది.

లేచేముందు అన్నాను. "ఒక్క మాటన్నా. సెలవుల్లో ఆ కేంద్రంలో క్లాసులు చెప్పడానికి నన్ను కూడా పిలిచారు. ఎలా మాట్లాడాలి, ఇంటర్వ్యూలో ఎలా నిలబడాలి, అవన్నీ. మార్కులు వేయాల్సింది కూడా నేనే. కాబట్టి అక్కడ మనం అన్నదమ్ములమని ఎవరికీ చెప్పొద్దు. సొంతవాడికి వేసుకున్నాడంటారు."

అన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అదీ నిజమేలే. నీ ఉద్యోగానికి మాట రాకూడదు. మరి ఏమని పిలవల్ల నిన్ను?"

"అందరూ సార్ అంటారు."

అన్న పెద్దగా నవ్వాడు. "ఇన్న్యావా గౌరీ! మగ్గం గుంతలో ఉచ్చ పోసినందుకు మా నాయన చేత దెబ్బలు తిన్నోడు, వీడిప్పుడు నాకు సారంట!"

వదిన నవ్వింది. తనూజ నవ్వింది. నేనూ నవ్వాను.

నేను చెప్పిన కారణం అబద్ధం కాదు. కానీ అది సగమే. మిగతా సగం ఇది. పెనుకొండలో నేను పదకొండేళ్లుగా ఉంటున్నాను. మీది ధర్మవరమా, మీవాళ్లేం చేస్తారని మొదట్లో ఎవరో అడిగితే, "పట్టుచీరల వ్యాపారం" అన్నాను. ఆ రోజు అలా ఎందుకన్నానో నాకిప్పటికీ సరిగా తెలియదు. స్టాఫ్ రూములో భూములున్నవాళ్లు ఎక్కువ. వాళ్ల మాటల్లో పొలాలు, బోర్లు, ట్రాక్టర్లు ఉండేవి. నా మాటల్లో కూడా ఏదో ఒకటి ఉండాలనిపించి ఉంటుంది. ఒకసారి అన్నాక అది అలాగే నిలబడిపోయింది. శిక్షణ కేంద్రం ఇన్‌చార్జి నరేష్ రొద్దం దగ్గర పెద్ద రైతు కుటుంబం వాడు. వాళ్ల చెల్లెలి పెళ్లికి నాతో వచ్చి ధర్మవరంలో చీరలు కొన్నాడు. నాకు తెలిసిన ఒక దుకాణానికి తీసుకెళ్లి, మా బంధువులదేనని చెప్పాను. అక్కడికి నాలుగు వీధుల అవతల మా అన్న అప్పుడు మగ్గంలో ఉన్నాడు. నన్ను బి.ఎడ్. చదివించింది ఆ మగ్గమే.

*

ఆ బ్యాచ్‌లో ముప్పై ఇద్దరు. సగం మంది ధర్మవరం మగ్గాలవాళ్లు. మిగతావాళ్లు పెనుకొండ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. పొలాలున్నవాళ్లకు అవి ఫ్యాక్టరీల కింద పోయినందుకు పరిహారం అందింది. ఆ పొలాల్లో కూలికి పోయినవాళ్లకు, ఆ బీళ్లలో గొర్రెలు మేపుకున్నవాళ్లకు ఈ శిక్షణ దొరికింది. అలా వచ్చిన మనిషే నల్లమ్మ. నలభై దాటి ఉంటాయి. నలభై గొర్రెలు అమ్ముకుని వచ్చింది.

మొదటి క్లాసులో ఒక్కొక్కరూ లేచి తమను తాము పరిచయం చేసుకోవాలి. పేరు, ఊరు, చేసిన పని, మీ బలం, మీ బలహీనత. పుస్తకంలో అలా ఉంది.

నల్లమ్మ లేచి కొంగు భుజాన వేసుకుంది. "నా పేరు నల్లమ్మ సార్. గొర్లు మేపినా. బలమంటే రాగిసంగటే. బలహీనతంటే మోకాళ్ల నొప్పులు."

గది అంతా నవ్వింది. "ఆ ప్రశ్నకు అలా చెప్పకూడదమ్మా" అన్నాను.

"మరి ఎట్ల చెప్పల్ల సార్? లేవంటే అబద్ధం గదా?"

తర్వాత అన్న వంతు. వదిన ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా నాయన ముందు నేను అలా నిలబడేవాణ్ని.

"నా పేరు చెన్నకేశవులు. ధర్మవరం. ముప్పై మూడేండ్లు మగ్గం నేసినా సార్."

ఆ క్లాసులో అందరి మాటా దిద్దుతున్నాను. అతన్నొక్కణ్ని వదిలేస్తే తెలిసిపోతుందనిపించింది.

"నేసినా కాదు. 'నేశాను' అనండి. చేతులు కిందికి వదలండి. నా కళ్లలోకి చూసి చెప్పండి."

అన్న చేతులు వదిలాడు. నా కళ్లలోకి చూశాడు. "ముప్పై మూడేండ్లు మగ్గం నేశాను సార్" అన్నాడు. అతని పెదవి చివర చిన్న నవ్వు ఉంది. మా ఇద్దరికే తెలిసిన ఆటలా ఉంది అతనికి.

"బాగుంది. కూర్చోండి" అన్నాను.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి, అన్న క్లాసులో బాగానే మాట్లాడాడని నా భార్య హేమలతతో చెప్పాను. "మీరే నేర్పారా?" అంది. "అవును" అన్నాను.

రోజూ పొద్దున అన్న ధర్మవరం నుంచి రైల్లో వచ్చేవాడు. స్టేషన్ నుంచి కేంద్రం దాకా మిగతావాళ్లతో నడిచి వచ్చేవాడు. మా ఇల్లు ఆ దారిలోనే ఉంది. ఒక్క రోజు కూడా గడప తొక్కలేదు. నేను పిలవలేదు.

మధ్యాహ్నం వాళ్లందరూ వరండాలో వరసగా కూర్చుని తినేవాళ్లు. నేనూ నరేష్ ఆఫీసు గదిలో ఫ్యాను కింద తినేవాళ్లం. రెండో వారంలో ఒక రోజు నల్లమ్మ చిన్న స్టీలు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "చెన్నన్న ఇచ్చినాడు సార్. ఊరిబిండంట. మీకిష్టమంట."

వదిన రోట్లో నూరే ఊరిబిండి పచ్చడి. మూత తీయకముందే వాసన తెలిసింది. నరేష్ కొంచెం వేసుకుని, "అబ్బ, ఏముంది సార్! ఎవరింటిది?" అన్నాడు.

"ఎవరో ధర్మవరం ఆయన. ఇక్కడ నేర్చుకుంటున్నాడు."

నల్లమ్మ గుమ్మం దగ్గర ఇంకా ఉంది. నన్ను చూసింది. గిన్నె తర్వాత తీసుకుపోతానని చెప్పి వెళ్లింది.

*

మిషన్ల గదిలో నాకు పని లేదు. అది మల్లిక చూసుకునేది. హిందూపురం ఫ్యాక్టరీలో ఆరేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. గొంతు పెద్దది, మనసు మంచిది. అయినా అప్పుడప్పుడు తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ని.

మొదటి రోజు నుంచే ఆ గదిలో ఒక తకరారు ఉంది. అవి కరెంటు మిషన్లు. కింద పెడల్‌ను కాలితో నొక్కితే నడుస్తాయి. ఒట్టి కాలు పెట్టకూడదని నియమం. అందరికీ నల్ల బూట్లు ఇచ్చారు. అన్న ఆ బూట్లు తొడుక్కుని వచ్చి, మిషను దగ్గర కూర్చోగానే విప్పేసేవాడు. విప్పి, రెండూ జతగా కాళ్ల వెనక్కి జరిపి, మిషను తలను చేత్తో తాకి కళ్లకద్దుకుని, అప్పుడు పెడల్ మీద పాదం పెట్టేవాడు.

"ఏమప్పా చెన్నన్నా, నీకెన్నిసార్లు చెప్పల్ల? షాక్ కొడితే నీ పెండ్లాం నన్ను పట్టుకుంటాది" అనేది మల్లిక.

"తప్పయిందమ్మా. చేతికీ కాలికీ అలవాటు పోలే."

"ఇది మగ్గం కాదప్పా, మిషను."

"అన్నం పెట్టేదానికి పేరేదయితే ఏముందమ్మా? చెప్పు కాలితో ఎట్ల తొక్కల్ల?"

మా ఇంట్లో మగ్గం గుంతలోకి చెప్పులతో దిగినవాళ్లు లేరు. గుంత దగ్గరికే రానిచ్చేవాళ్లు కాదు. నాయన పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, మగ్గం పలకకు మొక్కి కాలు కిందికి దించేవాడు. అన్న పదహారో ఏట నాయన పక్కన కూర్చున్నాడు. అప్పటి నుంచి రోజుకు పది గంటలు ఒట్టి పాదాలతోనే తొక్కాడు. ఇదంతా నాకు తెలుసు. మల్లికకూ కొంత తెలుసు. ధర్మవరం వాళ్లందరికీ తెలుసు. కానీ మిగతావాళ్లు చిన్నవాళ్లు. ఒక వారంలో బూట్లకు అలవాటుపడ్డారు.

అన్న కుట్టు మాత్రం ఎంతో బాగుండేది. మల్లిక ఒక కాలర్ నా దగ్గరికి తెచ్చి చూపించింది. "సూడండి సార్. నేను ఆరేండ్లు చేసినా నాకు రాల్యా ఇట్ల. స్పీడు కొంచెం తక్కువ. అది వస్తాది. ఆ బూట్లొక్కటి మాన్పించల్ల." కొంచెం ఆగి, "విప్పేది మాన్పించల్ల" అని సరిచేసుకుని నవ్వింది.

చివరి పది రోజులు మల్లిక పట్టుబట్టి అన్న చేత బూట్లతోనే కుట్టించింది. కుట్టాడు. రైల్లో కూడా విప్పకుండా కూర్చుంటున్నానని ఎవరితోనో చెప్పి నవ్వుతుంటే విన్నాను.

*

జూన్ రెండో వారంలో పరీక్ష పెట్టారు. బయటి నుంచి ఒక పరీక్షాధికారి వచ్చాడు. ముప్పై లోపు కుర్రాడు. మర్యాదస్తుడు. నేర్పినవాళ్లు గదిలో ఉండకూడదని మల్లికను బయట కూర్చోబెట్టారు. కేంద్రం తరఫున పరిశీలకుడిగా నేను లోపల ఉన్నాను. నరేష్ కూడా ఆ అధికారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఎనిమిదేసి మందిని లోపలికి పిలిచారు. అన్న మూడో జట్టులో వచ్చాడు. బూట్లు వేసుకునే వచ్చాడు. వాటికి పాలిష్ కూడా వేశాడు. అది తనూజ పని అయి ఉంటుంది. మిషను ముందు కూర్చున్నాడు. సూదికి దారం ఎక్కించాడు. బాబిన్ చూసుకున్నాడు. అంతా సరిగానే ఉంది.

అధికారి బెల్లు నొక్కాడు. ముప్పై నిమిషాలు.

అప్పుడు చూశాను. అన్న కళ్లు మూసుకున్నాడు. మిషనును తాకి కళ్లకద్దుకున్నాడు. కిందనుంచి చప్పుడు వినిపించలేదు. బూట్లు రెండూ జతగా వెనక్కి జరిగి ఉన్నాయి. పాదం పెడల్ మీద ఉంది. తను ఏం చేశాడో అతనికి తెలియదు. ముఖం చూస్తే అర్థమైంది. పని మొదలుపెట్టిన మనిషి ముఖం అది.

ఏడెనిమిది నిమిషాల తర్వాత అధికారి అటు నడిచాడు. కుట్టు చూసి తల ఊపాడు. తర్వాత కిందికి చూశాడు.

"ఆపండి" అన్నాడు.

అన్న ఆపి తలెత్తాడు. అధికారి చూపు వెంట కిందికి చూసుకున్నాడు. వెంటనే బూట్ల కోసం కాలితో తడిమాడు. ఒకటి బోర్లా పడింది.

"సేఫ్టీ కాలమ్‌లో తప్పు పడితే మిగతా మార్కులు లెక్కలోకి రావు. మీకు చెప్పలేదా?"

"చెప్పినారు సార్. తప్పయింది."

"తాగారా?"

"ల్యా సార్!" అన్న ముఖం ఎర్రబడింది. "నేను తాగను సార్."

కుర్రాడు ఇబ్బందిపడ్డాడు. మళ్లీ కుట్టు చూశాడు. తన చేతిలో కాగితాల అట్ట మీద ఏదో వెతికాడు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, పని చాలా బాగుంది. పాడు చేయాలని లేదు నాకు. ఇక్కడ పరిశీలకుడి అభిప్రాయం అని ఒక గడి ఉంది. ఏదైనా సరైన కారణం ఉంటే మీరు రాసి సంతకం పెట్టండి. చివరి జట్టుతో ఇంకోసారి కూర్చోబెడతాను. ఈయన ఇలా ఎందుకు చేశారో మీకేమైనా తెలుసా?"

నరేష్ కుర్చీలో ముందుకు వంగి నా వైపు చూస్తున్నాడు. మిగతా ఏడు మిషన్లూ నడుస్తున్నాయి. రెండు మూడు వాక్యాలు చెబితే సరిపోయేది. మా ఇంట్లో మగ్గం ముందు చెప్పులు వేసుకోరు, అందుకు, అంటే చాలు. "మా ఇంట్లో" అనకుండా కూడా చెప్పవచ్చు. ఆ సంగతి నాకు రైలు కట్ట దాటి ఇంటికి నడిచేటప్పుడు తోచింది. ఆ క్షణంలో మాత్రం, నోరు తెరిస్తే "మా ఇంట్లో" అనే మాటే వస్తుందని భయం వేసింది.

"తెలియదండి. నేను మాటల క్లాసు చెబుతాను. ఈ గది సంగతులు నాకు తెలియవు" అన్నాను.

అన్న నా వైపు చూడలేదు. ఆగిపోయిన కుట్టు దగ్గర గుడ్డను అరచేత్తో నిమురుతున్నాడు. అధికారి ఒక క్షణం ఎదురుచూసి, గడిలో అడ్డంగా గీత గీశాడు.

ముప్పై ఇద్దరిలో ఇరవై తొమ్మిది మంది పాసయ్యారు.

*

ఆ సాయంత్రం నేను స్టేషన్‌కు వెళ్లాను. ఆ నలభై అయిదు రోజుల్లో అదే మొదటిసారి. అన్న ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. మిగతావాళ్లు అవతల టీ బండి దగ్గర ఉన్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరమే ఉన్నా మొదట "సార్" అనబోయి ఆగాడు.

"హేమ బాగుండాదా?"

"బాగుంది."

"ఒగసారి కూడా ఇంటికి రాలేకపోతి. ఏమనుకుందో ఏమో."

"ఏమీ అనుకోలేదు." ఆమె రెండుసార్లు అడిగింది. పరీక్షలయ్యాక పిలుద్దామన్నాను.

రైలు ఆలస్యం. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "తర్వాతి బ్యాచ్‌లో చూద్దాం అన్నా."

వయసు సంగతి అతనికి చెప్పింది నేనే. అన్నకు అది గుర్తులేక కాదు.

"సూద్దాంలే" అన్నాడు. తర్వాత, "నువ్వేమీ మనసులో పెట్టుకోవాకు. తప్పు నాది. ఇన్ని దినాలు చెప్పినా ఈ కాళ్లకు బుద్ధి రాల్యా" అని కాళ్ల వంక చూసుకున్నాడు. బూట్లు కేంద్రంలో తిరిగి ఇచ్చేశాడు. పాత చెప్పులతో ఉన్నాడు.

రైలు వచ్చింది. కిటికీలోంచి, "ఎండలో నిలబడాకు, పో" అన్నాడు.

తనూజ డిగ్రీ దరఖాస్తు గడువు జూన్ చివరికి అయిపోయింది. నేను డబ్బు ఇస్తానని ఫోన్ చేశాను. "వద్దులేప్పా, నీ పిల్లోళ్లు నీకుండారు" అన్నాడు అన్న. ఇంకొకసారి అడగలేదు నేను. జూలైలో అతను హిందూపురంలోనే ఒక నూలు గోడౌన్‌లో మూటలు మోసే పనికి కుదిరాడు. పదిహేను రోజులు చేశాడు. పదహారో రోజు మధ్యాహ్నం మూట దించి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీళ్లు అడిగాడట. తెచ్చేలోగా పోయాడు.

*

పదకొండో దినానికి పెనుకొండ నుంచి మల్లిక, నల్లమ్మ వచ్చారు. నల్లమ్మ ఫ్యాక్టరీలో చేరి నెల దాటింది. గుర్తింపు కార్డు మెడలోనే ఉంది. తీయడం మరిచినట్టుంది. కాళ్లకు నల్ల బూట్లున్నాయి. వాటిని వాకిట్లోనే విడిచి వచ్చింది. వదిన చేతులు పట్టుకుని ఏడ్చి, తర్వాత వసారాలో నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"మీరు శానా చిక్కిపోయినారు సార్. సొంత అన్న గదా, ఉండదా మరి."

నేను ఆమె వైపు చూశాను. "మీకు ఎవరు చెప్పారు, అన్న అని?"

"ఎవురు చెప్పేదేంది సార్? మొదటి దినమే చెన్నన్న చెప్పినాడు గదా. మధ్యాహ్నం అన్నం కాడ అందరినీ కూసోబెట్టుకొని చెప్పినాడు. 'ఆ సారు మా తమ్ముడు. మీరెవురూ బయట అనాకండి, వాని ఉద్యోగానికి మాటొస్తాది' అని ఒట్టు పెట్టిచ్చుకున్యాడు. మేమెవురం అనల్యా సార్. ముప్పై ఒగ మందిమీ."

వసారాలో ఆకులు వేస్తున్నారు. ఎవరో నీళ్లు చల్లుతున్నారు.

"మీరు మాకు క్లాసు చెప్తాంటే ఆయప్ప ముఖం సూడల్ల సార్. మీ మాట ఒగటి కూడా కింద పడనిచ్చేవాడు కాదు. 'నేశాను' అని అన్నం తింటా పదిసార్లు అనుకొని అనుకొని నవ్వుకున్యాడు ఆ దినం." ఆమె ముక్కు తుడుచుకుంది. "నేను మీకొగటి చెప్పల్ల సార్. తప్పనుకోవాకండి. ఆ పరీక్షాయప్ప చెన్నన్న బూట్ల గురించి మిమ్మల్ని అడిగేది పక్క మిషను కాడ్నుంచి సూసినా. పరీక్షయినాక నాకు మీ మీద కోపమొచ్చింది. కేంద్రం బయట టీ తాగుతా చెన్నన్నతో అనేసినా. 'నీ తమ్ముడు ఒగ మాట చెప్పింటే నీ పని అయిపోయేది గదా, నోట్లో ఏముండె ఆయప్పకు?' అని."

"ఏమన్నాడు?"

"నా మీదికే వచ్చినాడు సార్! అన్ని దినాల్లో ఆయప్ప గొంతు పెంచింది అదొగసారే. 'మా హరి సంగతి నీకు తెల్దు. సొంత అన్నయినా సరే, వాడు రూలు దాటడు. అట్లాంటి సారు దగ్గిర సదువుకునే పిల్లోళ్లు పుణ్యం చేసుకున్యారు' అన్యాడు. నాకప్పుడు సిగ్గేసింది సార్. నిజమే గదా. మా పక్కయితే మేనమామ కొడుక్కని చెప్పి సీట్లు ఇచ్చుకుంటారు. మీరు సొంత అన్నకు కూడా చేయల్యా. దండం పెట్టల్ల మీకు."

నిజంగానే చేతులు జోడించింది. నేను ఆ చేతులను దించమని చెప్పలేదు. ఆమె అనుకున్నది తప్పని కూడా చెప్పలేదు.

వదిన వచ్చి నన్ను మొదటి ఆకు దగ్గర కూర్చోమంది. "పెద్దోళ్లు ఎవురన్నా కూర్చోనీ వదినా" అన్నాను. "ఈ ఇంటికి ఇంక పెద్దోడు నువ్వే గదప్పా" అంది.

కూర్చున్నాను. వడ్డించారు. తనూజ నీళ్ల చెంబుతో వరస వెంట వస్తూ నా ఎదుట ఆగింది. నల్లమ్మ మాటలు వింది కాబోలు. పది రోజులుగా ఎవరితోనూ పెద్దగా మాట్లాడని పిల్ల.

"చిన్నాయనా, ఆ పరీక్షకొచ్చినాయన నిన్ను అడిగినాడంట గదా, నాయన బూట్లు ఎందుకిప్పినాడని. నువ్వేం చెప్పినావు?"

వరసలో నలుగురైదుగురు తలెత్తారు. నేను చేయి ఆకు మీద పెట్టాను. ఆ పిల్ల కోపంగా అడగలేదు. వాళ్ల నాయన గురించి ఎవరేం మాట్లాడారో తెలుసుకోవాలని అడిగింది.

"ఏమే, తినేటోని ముందర నిలబడి అడిగే మాటనా అది?" వదిన వెనక నుంచి కసిరింది. "ఇంటి పెద్దోడు. తిననీ ముందు."

తనూజ ఇంకొంచెం సేపు నిలబడింది. నేను తల వంచి అన్నం కలిపాను. ఆమె చెంబు నా ఆకు పక్కన పెట్టి పక్క వరసలోకి వెళ్లింది.